మూడోసారి అడిగిన మనిషి

మా నార్బీలో ఎవరింటికి వెళ్ళినా కాఫీ తాగుతారా అని అడుగుతారు. వద్దండీ అనాలి. ఫర్వాలేదు, కాచిందే ఉంది అంటారు. అబ్బే, ఇప్పుడే తాగి వస్తున్నాను అనాలి. మూడోసారి కప్పు చేతికి తెచ్చి, కొంచెమే పోస్తాను అంటారు. అప్పుడు సరే, సగం చాలు అని నిండు కప్పు తాగాలి. మొదటిసారికే ఊఁ అన్నవాడు కక్కుర్తి మనిషి. ఒక్కసారి అడిగి ఊరుకున్నవాళ్ళు పిసినారులు. మా ముత్తాతలు నార్వే నుంచి ఓడలో మోసుకొచ్చిన సామాన్లలో విరగకుండా మిగిలింది ఈ మర్యాద ఒక్కటే.

కాఫీకీ కేకుకీ ఇంత జాగ్రత్తగా మూడేసిసార్లు అడిగే ఊరు, ఒక పిల్లని ఆమె నాలుగేళ్ళ హైస్కూలు చదువు గురించి మాత్రం ఒక్కసారే అడిగి చేతులు దులుపుకుంది. ఆ పిల్ల పేరు సోల్వే ట్వైట్.

నేను నార్బీ బడి ఆఫీసులో ఉంటాను. హాజరు పట్టీ నాదే, టైంటేబులు నాదే, పిల్లలకి ఏ క్లాసులు తీసుకోవాలో చెప్పడం నాదే. ఉత్తరం రోడ్డు బస్సు కూడా నేనే నడుపుతాను. పిల్లలు డాల్ మేడమ్ అంటారు, పెద్దవాళ్ళు కారిన్ అంటారు, బస్సు ఆలస్యమైనప్పుడు ఏమంటారో నాకు తెలియదు, తెలుసుకోవాలనీ లేదు.

సోల్వే ఒకటో తరగతిలో చేరినప్పుడు క్లాసులో ఇద్దరుండేవారు, తనూ కర్టిస్ అనే కుర్రాడూ. అయిదో తరగతిలో కర్టిస్ వాళ్ళ నాన్న పొలం పక్కవాళ్ళకి అమ్మేసి కుటుంబంతో సముద్రం వైపు వెళ్ళిపోయాడు. అప్పటినుంచి సోల్వే ఒక్కతే ఒక తరగతి. గోధుమ పొలాలు పెద్దవవుతున్నకొద్దీ ఇళ్ళు తగ్గిపోయే దేశం మాది. అమెరికాలోని ఈ మోంటానా మూల ఇలాంటి తరగతులు కొత్తేమీ కాదు.

మా బడిలో ప్రతి తరగతికీ ప్రతి ఏడూ ఎన్నికలు జరుగుతాయి. ఒక అధ్యక్షుడు, ఒక కార్యదర్శి. ఒక్కతే ఉన్నా నియమం నియమమే కాబట్టి ఆరో తరగతిలో సోల్వే తనకి తనే ఓటు వేసుకుని గెలిచింది. ఏడో తరగతిలో పెట్టె తెరిస్తే ఖాళీ కాగితం ఉంది.

“ఏమ్మా, ఓటు వెయ్యలేదే?” అని అడిగాను.

“పోయినేడు ఏం చేశానని మేడమ్, మళ్ళీ గెలిపించడానికి?” అంది.

ఆ రోజు నుంచి నాకు ఆ పిల్ల మీద తెగ కుతూహలం. బస్సులో చివరి స్టాపు వాళ్ళదే. అందరూ దిగిపోయాక ఇంకో పావుగంట మేమిద్దరమే ఉంటాం. అద్దంలో చూస్తే ఆమె కిటికీలోంచి బయటకి చూస్తూ పెదాలు కదుపుతూ ఉంటుంది. పాటా, లెక్కా, ఎవరితోనైనా మాట్లాడుతోందా? ఒకసారి అడిగితే, “ఏం లేదు మేడమ్,” అంది. నేను రోడ్డు చూసుకున్నాను.

ఎనిమిదో తరగతి పిల్లలు మార్చిలో హైస్కూలు క్లాసులు ఎంచుకోవాలి. మొదటి ఏడు ఏం చదవాలి, నాలుగేళ్ళు పూర్తయ్యేసరికి పట్టా చేతికి రావాలంటే ఏది ఎప్పుడు ముగించాలి, అంతా ఒక సాయంత్రం పెద్దవాళ్ళతో కూర్చుని ముందే గీసుకుంటాం. పెద్ద ఊళ్ళలో ఆ సాయంత్రం తల్లిదండ్రులు బారులు తీరతారట. మా దగ్గర ఆ ఏడు నేను వేసినవి మూడే కుర్చీలు.

కానీ ఊళ్ళో జరిగిన హడావుడి మూడు కుర్చీలది కాదు. మా బడిలో ఎవరో ఒకరు అడిగిన క్లాసే నడుస్తుంది. పై తరగతుల్లో ఉన్నది అయిదుగురు మగపిల్లలు, అందరూ సోల్వే కంటే రెండేళ్ళూ మూడేళ్ళూ పెద్దవాళ్ళు. అంటే కొత్తగా ఏ క్లాసు బతకాలన్నా ఆ పిల్ల ఊఁ అనాలి. ఆమె వెనకవాళ్ళు ఇంకా చిన్న తరగతుల్లోనే ఉన్నారు కాబట్టి, అసలు ఆమె కార్‌స్టన్ వెళ్ళిపోతే రెండేళ్ళలో హైస్కూలు గదులకి తాళం పడుతుంది. కార్‌స్టన్ యాభై మైళ్ళ దూరంలో ఉన్న పెద్ద ఊరు. సోల్వే వాళ్ళమ్మ రెనాటా అక్కడి ఆసుపత్రిలో నర్సు. వారంలో నాలుగు రోజులు అక్కడే చిన్న ఇల్లు తీసుకుని ఉంటుంది. “నా దగ్గరికి వచ్చేయ్, నీ తరగతిలో తొంభైమంది ఉంటారు, ఈతకొలను కూడా ఉంది,” అని కూతురితో అనేది.

ఇది తెలిసి నార్బీ తన తంటాలు తను పడింది. వెల్డింగ్ నేర్పే క్రౌస్ సోల్వే తలకి సరిపోయే ముసుగు ఒకటి తయారుచేసి, దానిమీద గోధుమ కంకి బొమ్మ వేసి, ఎదురుగా పడేలా కిటికీలో తగిలించాడు. బ్యాండు టీచరు మిస్ ప్రూయిట్ కనబడిన ప్రతిసారీ క్లారినెట్ వాయించేవాళ్ళు లేకపోతే బ్యాండు ఏమైపోతుందో చెప్పి కళ్ళొత్తుకునేది. చర్చి ఆడవాళ్ళు ట్వైట్ల ఇంటికి పంపిన హాట్‌డిష్ అనే ఓవెన్ కూరల గిన్నెలు తిరిగి ఇవ్వడానికే మిల్టన్ ఒక సాయంత్రమంతా ఊరు తిరిగాడు. మిల్టన్ సోల్వే తండ్రి. గోధుమలు వేస్తాడు, బడి బోర్డులో సభ్యుడు, మాట మాత్రం విత్తనాల కంటే పొదుపుగా వాడతాడు.

మార్చిలో ఆ సాయంత్రం ముగ్గురూ వచ్చి కూర్చున్నారు. బూట్ల మంచు కరిగి నేల మీద మడుగు కట్టింది.

“తప్పనిసరివి సరే. ఇంగ్లీషు, ఆల్జీబ్రా, భూగోళం, సైన్సు, వ్యాయామం,” అన్నాను. “మిగతావి నీ ఇష్టం. ఏం తీసుకుంటావమ్మా?”

“ఏదైనా ఫర్వాలేదు మేడమ్.”

“ఇక్కడ ఉంటావా, కార్‌స్టన్ వెళ్తావా?”

“ఎక్కడైనా ఫర్వాలేదు.”

“చూశావా కారిన్, ఎంత సర్దుకుపోయే పిల్లో!” అంది రెనాటా మురిసిపోతూ. మిల్టన్ తల ఊపాడు. నేనూ ఊపాను. ఆ ఫర్వాలేదుని ఎవరికి కావలసినట్టు వాళ్ళు పట్టుకుపోయారు. రెనాటా కార్‌స్టన్ ఇంట్లో రెండో మంచం వేయించింది. క్రౌస్ ఇనుప రేకులు తెప్పించాడు. ప్రూయిట్ క్లారినెట్‌కి కొత్త రీడ్లు కొంది. నేను రెండు రకాల టైంటేబుళ్ళు గీసి, ఏప్రిల్ బోర్డు మీటింగులో ఏదో ఒకటి తేలుతుందిలే అనుకున్నాను.

ఈలోగా వాళ్ళమ్మ ఒకరోజు కార్‌స్టన్ బడి చూపించింది. మర్నాడు బస్సులో అడిగాను, ఎలా ఉందని.

“బాగుంది మేడమ్.”

“ఏం బాగుంది?”

మళ్ళీ కిటికీ వైపు తిరిగింది. “గడియారాలన్నీ ఒకే టైము చూపిస్తున్నాయి.”

మా బడి గడియారాల సంగతి నాకు తెలుసు కాబట్టి కొంచెం పౌరుషం వచ్చింది. ఇంకేం అడగలేదు.

ఇక ఆర్డిస్ ఫోస్ సంగతి. ఆర్డిస్ మా బడి వంటమనిషి. అరవై దాటింది. చేతులు చూస్తే పిండి బస్తాలు ఆవిడకి భయపడి వాటంతటవే లేచి నిలబడతాయేమో అనిపిస్తుంది. హైస్కూలు మొదటి ఏడు చదువుతుండగా, కోతల కాలంలో వాళ్ళ నాన్న చెయ్యి ధాన్యం ఎత్తే మరలో పడింది. ఆర్డిస్ పుస్తకాలు బల్ల మీద వదిలేసి వెళ్ళి లారీ నడిపింది. కోతలు అయ్యాయి, చలికాలం వచ్చింది, ఆవులు ఈనాయి, ఆవిడ మాత్రం మళ్ళీ బడికి రాలేదు. ఎవరైనా అడిగితే దాచదు. “మా నాన్న చెయ్యీ నా చదువూ ఒకే మరలో పడ్డాయి. ఆయన చెయ్యి సగమైనా బయటకొచ్చింది,” అని నవ్వేస్తుంది. ముప్ఫై ఏళ్ళుగా ప్రతి తరగతి పట్టాల పండక్కీ ఆ తరగతి ఎంచుకున్న రంగుల్లో కేకు చేసింది ఆవిడే. బడిలో ఆవిడ కూర్చోగా ఎవరూ చూడలేదు.

భోజనాల గదిలో మాకో పద్ధతి ఉంది. ఏ తరగతి బల్ల ఆ తరగతిదే. అందుకని ఎనిమిది మంది పట్టే బల్ల దగ్గర సోల్వే ఒక్కతే తినేది. ఆ రోజు మాంసం, చిక్కుడుగింజలు కలిపి వండిన చిల్లీ, దాల్చినచెక్క రోల్స్. నేను పక్క బల్ల దగ్గర ఉన్నాను. ఆర్డిస్ మిగిలిన రోల్స్ పళ్ళెం పట్టుకుని అందరి దగ్గరికీ తిరుగుతూ సోల్వే దగ్గరికి వచ్చింది.

“ఇంకోటి వేసుకోవే.”

“వద్దు ఆర్డిస్.”

“నిన్నటిది కాదు, పొద్దున చేసిందే.”

“పొట్ట నిండిపోయింది.”

“చిన్నది చూసి వేస్తాలే,” అని పెద్దది వేసింది. సోల్వే తినడం మొదలుపెట్టింది. అంతా సవ్యంగా జరిగింది. ఆర్డిస్ వెళ్ళబోయి ఆగింది.

“అది సరే, ఏం క్లాసులు తీసుకుంటున్నావు? ఊరంతా నన్నే అడుగుతున్నారు, నేనేదో నీ కడుపులో దూరి చూసినట్టు.”

“ఏదైనా ఫర్వాలేదు.”

“అయినా, ఏది?”

“నిజంగానే ఫర్వాలేదు ఆర్డిస్.”

ఆర్డిస్ పళ్ళెం బల్ల మీద పెట్టింది. కుర్చీ లాగింది. కూర్చుంది. గదిలో చెంచాల చప్పుడు ఆగిపోయింది.

“ఇదిగో పిల్లా, మూడోసారి అడుగుతున్నా. దీని తర్వాత అడగను. నీకేం కావాలి?”

సోల్వే రోల్ చుట్టలు ఒక్కొక్కటే విప్పింది. నా చిల్లీ చల్లారిపోతోంది, అయినా చెంచా ఎత్తలేదు.

“పక్కన ఒకళ్ళు కావాలి,” అంది.

“ఏ పక్కన?”

“క్లాసులో. టీచరు బోర్డు వైపు తిరిగినప్పుడు పక్కకి చూస్తే ఎవరో ఒకళ్ళు ఉండాలి. వాళ్ళకి అర్థమైందో లేదో మొహం చూసి తెలుసుకోవాలి. అర్థం కాకపోతే ఇంకా మంచిది. టీచరేమో ‘ఎవరైనా చెప్పగలరా?’ అని అడుగుతారు. ఎవరైనా అంటే నేనే కదా? తెలీదనుకో, అప్పుడు క్లాసులో ఎవ్వరికీ తెలీనట్టే.”

“కార్‌స్టన్‌లో తొంభైమంది ఉన్నారటగా?”

“ఉన్నారు. అందరూ చిన్నప్పటినుంచీ కలిసి చదువుతున్నవాళ్ళే. అన్నం దగ్గర నా చుట్టూ కూర్చున్నారు గానీ నా పక్కన ఎవరూ కూర్చోలేదు. ఒకళ్ళు చాలు ఆర్డిస్. ఎవరైనా సరే. అందుకే ఏ క్లాసైనా ఫర్వాలేదన్నాను, అబద్ధం చెప్పలేదు.”

నాలుగేళ్ళుగా రోజూ ఆ పిల్లని బస్సులో తీసుకెళ్తున్నాను నేను. కిటికీ వైపు తిరిగి పెదాలు కదిపేది పక్కన లేని మనిషితోనని అప్పుడు అర్థమైంది. ఏడుపొచ్చింది, నిజమే. ఆర్డిస్ మాత్రం ఏడవలేదు. గోడ వైపు చూస్తూ ఏదో లెక్క వేసుకుంటోంది.

“ఆల్జీబ్రా కష్టమంటావా?” అని అడిగింది.

“ఏమో. నాకింకా మొదలవలేదుగా.”

“నాకు మొదలైంది. ఎక్స్ అని ఒకడుండేవాడు. వాడెవడో తేలకుండానే కోతలొచ్చాయి.” ఇటు తిరిగింది. “ఏమే కారిన్, చెవులు ఇటే పెట్టావుగా, చెప్పు. మన బడిలో పెద్దవాళ్ళు చేరొచ్చా?”

“ఏ పెద్దవాళ్ళు?” అన్నాను తెలివితక్కువగా.

“నీ ఎదురుగా ఇంత మనిషిని కూర్చున్నాను, కనబడ్డం లేదూ?”

బోర్డు ఒప్పుకుంటే చేరొచ్చు. కానీ బోర్డు అంటే అయిదుగురు రైతులు. ఒకరికి ఒప్పుకోవాలనిపించినా పక్కవాడు ముందు ఒప్పుకుంటాడేమో అని చూస్తారు. ఏప్రిల్ మీటింగుకి ఊళ్ళో సగం మంది వచ్చారు. వంట ఎవరు చేస్తారు అని ఒకరు, మనవరాలి వయసు పిల్ల పక్కన చదువేంటి అని ఒకరు. ముసలి లైల్ అయితే, “టీచర్లూ, మార్కులు చూసి వెయ్యండి. తేడా వస్తే సూపులో ఉప్పు కనబడుతుంది,” అని అందర్నీ నవ్వించాడు. నవ్వు అయిపోయింది గానీ ఎవరూ చెయ్యెత్తలేదు. ఆర్డిస్, చేరితే నాలుగేళ్ళూ ఉంటానని ఒక్క మాట చెప్పి, వెనక గోడకి ఆనుకుని నిలబడి తువ్వాలు మడతపెట్టి విప్పుతోంది. సోల్వే ముందు వరసలో కూర్చుని నేల చూస్తోంది.

అప్పుడు మిల్టన్ లేచి నిలబడ్డాడు. బోర్డులో ఆయన లేచి నిలబడటం అంతకుముందు నేనెప్పుడూ చూడలేదు.

“మా ఇంటికి ఈ నెలంతా జనం వచ్చారు,” అన్నాడు. “ఒక్కొక్కరికీ మూడేసిసార్లు కాఫీ అడిగాను. మా అమ్మాయిని ఒక్కసారే అడిగాను.” చెయ్యెత్తి అలాగే నిలబడ్డాడు. కూర్చుని ఎత్తవచ్చని ఎవరూ చెప్పలేదు. ఒకరి తర్వాత ఒకరు మిగతావాళ్ళ చేతులూ లేచాయి.

రెనాటా ఆ వారం ఇంటికొచ్చినప్పుడు కొంచెం నొచ్చుకుంది. మా బడికి శుక్రవారం సెలవు కాబట్టి, గురువారం సాయంత్రం బస్సు దిగగానే పిల్ల తన దగ్గరికి రావాలని ఒప్పందం చేసుకుంది. కార్‌స్టన్ ఇంట్లో రెండో మంచం ఊరికే పోలేదు.

ఆ వేసవంతా నేను టైంటేబులు గీసి చెరిపి గీశాను. పొద్దుటి ఫలహారం గిన్నెలు కడగడం అయ్యాక ఇంగ్లీషు, ఆల్జీబ్రా. భోజనాలయ్యాక భూగోళం, సైన్సు, వ్యాయామం. ఇష్టం వచ్చినదాంట్లో ఇద్దరూ వెల్డింగే అడిగారు. సోల్వేకి ముసుగు మీద కంకి బొమ్మ నచ్చింది. ఆర్డిస్‌కి ఎన్నో ఏళ్ళుగా ఒక చెవి ఊడిపోయిన సూపు గిన్నె ఉంది. బ్యాండులో సోల్వే క్లారినెట్ పట్టుకుంటే, మిస్ ప్రూయిట్ ఆర్డిస్ చేతులు చూసి వాయించడానికి పెద్ద ఇత్తడి తాళాలు ఇచ్చింది. వ్యాయామం దగ్గర మాత్రం పేచీ వచ్చింది. రోజూ పిండి బస్తాలు మోస్తున్నాను, దానికి మార్కులు వేసెయ్యమని ఆర్డిస్ వాదించింది. వెయ్యలేదు. నిక్కరు వేసుకోమన్నారు. వేసుకోలేదు. చివరికి ఏప్రన్ కట్టుకునే జిమ్ము చుట్టూ నడిచింది.

సెప్టెంబరులో ఎన్నికలు వచ్చాయి. మొదటిసారి లెక్కపెడితే ఇద్దరికీ చెరో ఓటు. మర్యాదకి ఒకరికొకరు వేసుకున్నారు. రెండోసారీ అంతే. మూడోసారికి ఇద్దరూ ఎవరికి వాళ్ళే వేసుకున్నారు. ఇక లాభం లేదని నేనే నాణెం ఎగరేశాను. కాసేపటికి సోల్వే ఆఫీసులోకి పరుగెత్తుకొచ్చింది. నాణెం ఎగరేసింది నేనే అన్న సంగతి కూడా మరిచిపోయినట్టుంది.

“డాల్ మేడమ్! నేను ఓడిపోయాను!”

ఓడిపోయి అంత వెలిగిన మొహాన్ని నేను ఇంకెక్కడా చూడలేదు.

ఇద్దరూ ఒద్దికగా ఉన్నారనుకోకండి. పాఠం మధ్యలో చీటీలు అందించుకున్నందుకు ఇద్దర్నీ బడి అయ్యాక కూర్చోబెట్టారు. ఆ సాయంత్రం బంగాళాదుంపలు చెక్కు తీసి నానబెట్టేవాళ్ళు లేక మర్నాడు బడి పిల్లలందరూ బ్రెడ్డు తిన్నారు. సోల్వే గబగబా చెప్పేస్తుందని ఆర్డిస్‌కి కోపం, ఆర్డిస్ ప్రతిదానికీ “ఎందుకు?” అంటుందని సోల్వేకి కోపం. “ఎక్స్ ఎంతో చెప్పావు సరే, వాడికి ఆ పేరెందుకు పెట్టారో చెప్పు,” అని ఆర్డిస్ పట్టుబట్టేది. టీచరుకీ తెలియదు. ఆ వారమంతా భోజనాల గదిలో అదే చర్చ, వెల్డింగ్ క్రౌస్‌తో సహా.

రెండో ఏడు జామెట్రీ వచ్చింది. ఆర్డిస్ మొదటి పరీక్ష తప్పింది, రెండోదీ తప్పింది. తర్వాత వంటింట్లో పని ఎక్కువైందని క్లాసుకి రావడం మానేసింది. ఒకరోజు పొద్దున నేను హాజరు కోసం వెళ్తే క్లాసు ఖాళీగా ఉంది. వంటింట్లోంచి అరుపులు వినబడ్డాయి. సోల్వే తన బల్లని నడవలో ఈడ్చుకుంటూ వెళ్ళి పొయ్యి పక్కన వేసింది. టీచరు చేతిలో సుద్దముక్కతో గుమ్మంలో నిలబడ్డాడు.

“నాకు బుర్ర లేదే, వదిలెయ్యవే నన్ను,” అంటోంది ఆర్డిస్.

“నాకుందని ఎవరన్నారు? పక్కన ఎవరూ లేకపోతే నాకెంత ఉందో ఎలా తెలుస్తుంది?”

“నీకు నూటికి తొంభై వస్తున్నాయిగా!”

“నువ్వు ఎందుకు, ఎందుకు అని పీక్కు తింటే వస్తున్నాయి! నీకు చెప్పడానికి నేను ఇంటి దగ్గర రెండుసార్లు చదువుతున్నా. నాలుగేళ్ళుంటానని ఊరందరి ముందూ నిలబడి, ఇప్పుడు ఉల్లిపాయల వెనక దాక్కుంటావా?”

ఆర్డిస్ కళ్ళు తుడుచుకుంది. ఉల్లిపాయల వల్లే అంది. టీచరు చుట్టూ చూసి, రాయడానికి వేరే చోటు లేక, ఫ్రిజ్ తలుపు మీద త్రిభుజం గీశాడు. ఆ నెలంతా జామెట్రీ వంటింట్లోనే జరిగింది. ఆర్డిస్ గట్టెక్కింది. ఎంతతో అని అడగకండి. గట్టెక్కింది.

ఆ తర్వాత రెండేళ్ళూ ఎలా గడిచాయో నాకు సరిగ్గా గుర్తులేదు. మంచు, బురద, పరీక్షలు, మళ్ళీ మంచు. ఊరికి కొత్తగా ఒక కుటుంబం వచ్చింది, వాళ్ళ పిల్లలు కింది తరగతుల్లో చేరారు. హైస్కూలు గదులకి తాళం పడలేదు. సూపు గిన్నెకి చెవి వచ్చింది, కొంచెం వంకరగా.

ఆఖరి ఏడు తరగతి రంగులు, పువ్వు, సూక్తి ఎంచుకోవాలి. రంగుల మీద నవంబరు నుంచి పోట్లాడుకున్నారు. చివరికి నీలం, గోధుమ. పువ్వు, అవిసె గింజల పైరుకి పూసే నీలిపువ్వు. పొద్దున పూసి మధ్యాహ్నానికి రాలిపోతుంది, పైగా మేలో దొరకదు, అయినా అదే కావాలన్నారు, కాగితంతో చేశారు. సూక్తి మాత్రం ఇద్దరూ ఒక్క నిమిషంలో తేల్చేశారు. పట్టాల రోజు జిమ్ము గోడ మీద ఇంతింత అక్షరాలతో రాసి ఉంది: “ఎవరైనా చెప్పగలరా?” మిగతా ఏళ్ళ సూక్తులన్నీ కలలూ రెక్కలూ. దీన్ని చూసి లైల్ పక్కవాళ్ళని ఏం చెప్పాలి, ఏం చెప్పాలి అని అడుగుతూనే ఉన్నాడు.

కేకు చర్చి ఆడవాళ్ళు చేశారు. ఆర్డిస్ గౌను వేసుకునే ముందు వెళ్ళి చూసొచ్చింది. మధ్యలో పొంగలేదని మొహం ముడుచుకుంది.

బ్యాండులో క్లారినెట్టూ తాళాలూ లేవు, ఆ వాయించేవాళ్ళిద్దరూ గుమ్మం దగ్గర నీలం గౌన్లలో నిలబడ్డారు కాబట్టి. మిగిలిన మూడు వాయిద్యాలతో మిస్ ప్రూయిట్ నడక పాట మొదలుపెట్టింది. నేను గుమ్మం దగ్గరే ఉన్నాను, టోపీల కుచ్చులు సరిచెయ్యడానికి. లోపల మిల్టన్, రెనాటా పక్కపక్కన కూర్చుని వెనక్కి తిరిగి చూస్తున్నారు.

“వెళ్ళు ఆర్డిస్, అధ్యక్షురాలివి నువ్వే,” అంది సోల్వే.

“ముందు నువ్వు వెళ్ళు. నాకేం తొందర లేదు.”

పాట మొదటి చుట్టు అయిపోయింది. ప్రూయిట్ మా వైపు చూసి మళ్ళీ మొదలుపెట్టింది.

“నిజంగా చెబుతున్నా, నువ్వే ముందు వెళ్ళు.”

“వద్దులేవే. నీ వెనకాల వస్తాగా.”

ఆవిడ చేతులు గౌను అంచుని మడతపెట్టి విప్పడం చూశాను. అంతమంది ముందు ఎన్నిసార్లు కేకు మోసుకెళ్ళిన చేతులు అవి. సోల్వే కూడా చూసింది. ఆవిడ ఎదురుగా వచ్చి నిలబడింది.

“ఆర్డిస్, మూడోసారి అడుగుతున్నా. దీని తర్వాత అడగను. నీకేం కావాలి?”

ఆర్డిస్ లోపలున్న జనాన్ని చూసింది, గోడ మీది అక్షరాలని చూసింది.

“పక్కన ఒకళ్ళు కావాలి,” అంది.

సోల్వే ఆవిడ చెయ్యి పట్టుకుంది. ఇద్దరూ కలిసి లోపలికి అడుగేశారు. ఒకరి వెనక ఒకరు వస్తారు కదా అని నేను నడవ ఒక్క మనిషికి సరిపడేంతే వదిలి కుర్చీలు వేయించాను. అటూ ఇటూ ఉన్నవాళ్ళు లేచి, కుర్చీలు వెనక్కి జరుపుకుని, దారిచ్చారు.